బెండు మునిగే దాకా

జొన్న బెండు నీళ్ల మీద వడ్లగింజంత కనిపించాలి. అంతకంటే ఎక్కువ తేలితే పరిగె ముట్టినా తెలియదు. తక్కువ తేలితే చిన్న అలకే మునిగిపోతుంది. ఈ వడ్లగింజ లెక్క నాకు నేర్పిన తాత ఆకేరు ఒడ్డున పుట్టి ఆకేరు ఒడ్డునే పోయాడు. బడి ముఖం చూడలేదు. బెండు కదిలిన తీరును బట్టి కింద ఉన్నది ఏ చేపో, ఎంతుంటుందో, ఆకలితో వచ్చిందో ఆటకొచ్చిందో చెప్పేవాడు. పదిసార్లు చెబితే తొమ్మిదిసార్లు ఆ చేపే పైకొచ్చేది. పదోసారి తాబేలు. "తాబేలుకు నీతి లేదు బిడ్డా" అని నవ్వేవాడు.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. మా ఖమ్మం వైపు ఆకేరు, మున్నేరు కలిసే తీర్థాల ఊళ్లో సంగమేశ్వరుడి జాతర ముగిసి జనం ఇళ్లకు మళ్లారంటే గాలాల కాలం వచ్చినట్టే. అక్కడి నుంచి ఉగాది దాటి, చెరువులో వలలు దిగేదాకా రెండు నెలలు. చన్నీళ్లలో అడుగు పట్టి మందకొడిగా పడి ఉన్న చేప, నీరు వెచ్చబడేకొద్దీ మేతకు తిరుగుతుంది. యాసంగి పొలాలకు తూము నడిచి చెరువు రోజురోజుకూ తగ్గుతుంది. వాగు పారకం సన్నబడి మడుగులుగా విడిపోతుంది. వానాకాలమంతా ఊరంత మేర పరుచుకున్న చేప ఇప్పుడు నాలుగు గుంటల్లో గుమిగూడుతుంది. అయితే నీరు కూడా తేరుకుంటుంది కదా, ఒడ్డు మీద మన నీడ కదిలినా చేపకు తెలుస్తుంది. కళ్ల ముందు చేపలుండి గాలానికి పడకపోవడం ఎంత అవమానమో ఫాల్గుణంలో వాగు దగ్గర కూర్చున్నవాడికే తెలుసు.

ఇంగ్లండులో మార్చి 15 నుంచి జూన్ 15 దాకా నదుల్లో ఇలాంటి చేపల గాలానికి సెలవు. అక్కడి చేపలు చాలావరకు వసంతంలో గుడ్లు పెడతాయి. మనవి తొలకరి కోసం ఆగుతాయి. వాళ్లు కర్రలు దాచుకునే రోజుల్లోనే మనం అటక మీంచి దించుతాం. కొత్త నీటికి ఎదురెక్కే గుడ్ల చేపను పట్టేవాణ్ణి మాత్రం మా తాత వేటగాళ్ల లెక్కలో వేసేవాడు కాదు.

సామాను సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. కర్రకు వెదురు. నిండు ముదురూ కాదు, లేతా కాదు, కొస సన్నగా సాగి ఉండాలి. నీడన ఆరబెట్టాలి. దారం ఒకప్పుడు నూలుది, ఇప్పుడు నైలాన్‌ది. కొక్కేలు మా చిన్నప్పటికే దుకాణంలో దొరికేవి. తాత మాత్రం పరిగెల కోసం కుట్టు సూదిని దీపం మీద ఎర్రగా కాల్చి వంచుకునేవాడు. దానికి వెనక ముల్లు ఉండదు. అందుకని బెండు మునిగిన క్షణం నుంచి చేప ఒడ్డున పడేదాకా దారం ఒక్క రవ్వ కూడా వదులు కాకూడదు. ఆ కొక్కెంతో ఆయన చేయి జారిన చేపను నేను చూడలేదు.

బెండు దగ్గర మాత్రం ఆగాలి. జొన్న దంటు మీది పెచ్చు తీస్తే లోపల దొరికే బెండు మొదటి పాఠం. తేలిక, మెత్తన, ఊరికే వస్తుంది. రెండు రోజులకు నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, పారేసి ఇంకోటి కోసుకోవాలి. జీలుగు బెండు కొంచెం ఎక్కువ నిలుస్తుంది. నెమలి ఈక కాడ వీటన్నిటికీ రాజు. నిట్టనిలువుగా నిలబడుతుంది, నీళ్లు పీల్చదు, ఊపిరి తగిలినా కదులుతుంది. బెండు కింద సీసం ముక్కను పళ్లతో నొక్కి బిగించేవాళ్లం. అది మంచిది కాదని ఇప్పుడు తెలుసు, చేతితోనే నొక్కండి. ఆ సీసాన్ని గోటితో గీరి గీరి వడ్లగింజ లెక్కకు తేవడానికే తాతకు అరగంట పట్టేది. మొదట దారం కొసకు రాయి కట్టి మడుగులో దించి లోతు చూసేవాడు. మోసు కోసమైతే ఎర అడుగును తాకాలి. శీలావతి కోసమైతే అడుగుకు జానెడు పైన, పరిగెకైతే సగం నీళ్లలో. ఈ లోతు కుదరకుండా దేవుడొచ్చి కూర్చున్నా చేప పడదు.

ఎర అంటే అందరూ ఎర్రలే అనుకుంటారు. నిజమే, వాగుకు ఎర్రను మించింది లేదు. పెంటకుప్ప పక్కన తడి నేలలో తవ్వి, చిప్పలో అదే మట్టి వేసి, తడి గుడ్డ కప్పి తేవాలి. ఎండలో పెడితే గంటలో చస్తుంది. చచ్చిన ఎర్రను జెల్ల తింటుందేమో, పరిగె ముట్టదు. చెరువులో మోసుకూ శీలావతికీ పిండి. దోరగా వేయించిన తవుడు, వేరుశనగ చెక్క పొడి, కొంచెం గోధుమ పిండి కలిపి, నీళ్లలో కరిగీ కరగనట్టు ముద్ద చేయాలి. ముందురోజు సాయంత్రం నాలుగు ముద్దలు అదే చోట విసిరి వస్తే తెల్లారేసరికి చేపలకు అదొక అన్నసత్రం.

ఇక అసలు విద్య, బెండు చదవడం. పరిగె బెండును గిల్లుతుంది. టిక్, టిక్, టిక్. మూడు గిల్లుళ్లు పోనిచ్చి, నాలుగోది కొంచెం పక్కకు జరిగిందా, అప్పుడు మణికట్టు ఒక్కటే కదలాలి. చేయంతా ఎత్తితే ఉత్త కొక్కెం చెట్టుకు తగులుకుంటుంది. జెల్ల ఆగదు, ఏటవాలుగా లాక్కుపోతుంది. దాన్ని పట్టడం తేలిక, కొక్కెం విడిపించడమే కష్టం. పక్క రెక్కల ముళ్లు గుచ్చుకుంటే సాయంత్రం దాకా సలుపుతుంది. మోసు పెద్దమనిషి. అడుగున ముద్దను నోట్లోకి తీసుకుని తల ఎత్తుతుంది. సీసం బరువు తగ్గి బెండు మునగడానికి బదులు పైకి లేస్తుంది, అడ్డంగా పడుకుంటుంది. కొత్తవాడు అది చూసి ఎర పోయిందనుకుంటాడు. తెలిసినవాడు లాగుతాడు. ఎండ్రకాయ బెండును దొంగలా మెల్లగా పక్కకు ఈడుస్తుంది. తాబేలుదీ దాదాపు అదే నడక, కాస్త బరువుగా. తాతను కూడా అదే మోసం చేసింది.

కొర్రమీనుకు బెండే అక్కర్లేదు. తెలంగాణ రాష్ట్ర చేప అది, దాని దర్జా వేరు. గాలి పీల్చడానికి పైకొచ్చి తామరాకుల సందున గుటక వేసి పోతుంది. ఆ బుడగ లేచిన చోటు గుర్తు పెట్టుకుని, బతికున్న మిడతనో చిన్న కప్పనో ఆకు మీద వాలినట్టు దించాలి. నీళ్లు చప్పుడైతే అయిపోయింది. మా ఊళ్లో తాళ్లు గీసే మామ ఒకాయన ఉండేవాడు. తాటిచెట్టు ఎక్కినంత నిమ్మళంగా మోకాలి లోతు నీళ్లలో నడిచేవాడు, అల లేచేది కాదు. మిడతను ఆకు మీద వదిలి, ఆకు అంచు దాకా నడిపించి, అక్కడి నుంచి అది తనే జారిపడినట్టు చేసేవాడు. కొర్రమీను అందుకున్నాక కూడా లాగడు. "మింగనీ అల్లుడా" అని చెవిలో చెప్పినట్టు చెప్పి, లోపల్లోపలే పది లెక్కపెట్టి అప్పుడు ఎత్తేవాడు. తొలి వానలకు ఎర్రగా గుత్తి కట్టి తిరిగే పిల్లల్ని కాపలా కాసే కొర్రమీను కనిపిస్తే మాత్రం గాలం చుట్టి ఇంటికొచ్చేవాడు. తల్లీతండ్రీ పోతే ఆ పిల్లలన్నీ పూటలో పరిగెల పాలని ఆయనకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

తాత చేసిన పనుల్లో నేను చచ్చేదాకా చెప్పుకునేది వాలుగ కథ. పరిగెల కోసం వేసిన సన్న దారానికి ఓ సాయంత్రం పెద్ద వాలుగ తగులుకుంది. ఒడ్డున ఉన్న నలుగురం లాగు లాగు అని అరుస్తున్నాం. ఆయన లాగలేదు. కర్రను చేతిలోంచి నీళ్లలోకి వదిలేశాడు! కర్ర మడుగంతా తిరుగుతోంది, మునుగుతోంది, లేస్తోంది. తాత గట్టున కూర్చుని బీడీ ముట్టించాడు. అది అయిపోయింది, ఇంకోటి ముట్టించాడు. చీకటి పడే వేళకు కర్ర తిరగడం మానేసి ఒడ్డుకు దగ్గరగా ఆగింది. నడిచి వెళ్లి, పెంపుడు గొడ్డును పలుపు పట్టి తెచ్చినట్టు తెచ్చాడు. దారం తెగలేదు. "దానితోటి మనం కొట్లాడొద్దు బిడ్డా, కట్టె కొట్లాడతది" అన్నాడు.

ఈ విద్య ఎప్పటిదంటారా? చెరువులంత పాతది. ఇంగ్లండువాళ్లు 1653లో వచ్చిన ఐజాక్ వాల్టన్ పుస్తకాన్ని గాలానికి వేదంలా చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి. అంతకు ఐదు వందల ఏళ్ల ముందే, 1130 ప్రాంతంలో, కళ్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు సంస్కృతంలో రాసిన మానసోల్లాసంలో మత్స్య వినోదమని ఒక అధ్యాయమే ఉంది. చేపల రకాలు, మేతలు, దారం, కర్ర, అన్నీ చర్చించాడు. మన కాకతీయులు తొలినాళ్లలో సామంతులుగా ఉన్నది ఆ కళ్యాణికే. గణపతిదేవుడి కాలంలో పాకాల చెరువు కట్టారు. మున్నేరు పుట్టేది ఆ పాకాల నీళ్లతోనే. రాజు రాసింది సంస్కృతంలో మిగిలింది, తాతలకు తెలిసింది తెలుగులో ఎవరూ రాయలేదు. అక్కడే దెబ్బతిన్నాం.

ఇప్పుడు ఆ మున్నేరు ఒడ్డుకు వెళ్లి చూడండి. ఇసుక తోడి తోడి మడుగులు పోయాయి. ఎండాకాలం చేప దాక్కునే చోటు మడుగు ఒక్కటే, అది లేని వాగులో తొలకరికి ఎదురెక్కడానికి చేప ఎక్కడి నుంచి వస్తుంది? ఉన్న ఒకటి రెండు మడుగుల్లో కరెంటు పెడుతున్నారు. బ్యాటరీ వీపున కట్టుకుని, రెండు కర్రలకు తీగలు చుట్టి నీళ్లలో దించుతారు. పోయిన ఏడు ఫాల్గుణంలో నేను మూడు రోజులు పిండి చల్లి సిద్ధం చేసుకున్న మడుగు దగ్గరికి నాలుగో రోజు వెళితే, గోరంత పిల్లల నుంచి మూరెడు జెల్లల దాకా తెల్లగా వెల్లకిలా తేలుతున్నాయి. అమ్ముడుపోయేవి ఏరుకుని తక్కినవి వదిలేశారు. ఆ రోజు నేను గాలం విప్పలేదు. తోటాలు పేల్చి, మందు కలిపి చేపల్ని చంపడం నేరమని చెప్పే చట్టం 1897 నుంచే ఉంది. కాగితానికి నూట పాతికేళ్లు దాటాయి, వాగుకు ఆ సంగతి ఇంకా తెలియదు.

ఇంకో రకం వాళ్లున్నారు, వాళ్లంటే నాకు ఇంకా మంట. నగరం చుట్టూ గుంటలు తవ్వి, లారీల్లో చేపలు తెచ్చి కుక్కి, గంటకింత అని డబ్బు పుచ్చుకుని గాలం వేయిస్తారు. ఆకలితో మాడే చేపకు పిండి ముద్ద చుట్టూ అరడజను కొక్కేలు కట్టి విసిరితే నోటికి తగలకపోయినా పొట్టకో రెక్కకో గుచ్చుకుని వస్తుంది. దానికి బెండు లేదు, చదవడం లేదు, కూర్చోవడం లేదు. చేతిలో ఒక రీలు, ఫోనులో ఇంకో రీలు. పది కిలోల బొచ్చెను ఎత్తుకుని ఫొటో దిగిన కుర్రాడిని ఆ చేప అడుగున మేస్తుందా పైన మేస్తుందా అని అడిగితే నా ముఖం చూశాడు. నేను పక్షపాతినే, ఒప్పుకుంటాను. ఆ పది కిలోల బొచ్చె కంటే వాగులో వెనక ముల్లు లేని కొక్కేనికి పడిన వేలెడంత పరిగె నాకు గొప్ప. చెరువులో బొచ్చె, శీలావతి, మోసు నిలవ నీటిలో తమంతట గుడ్లు పెట్టవు. 1957లో మన దేశంలో సూదిమందుతో గుడ్లు పెట్టించే పద్ధతి కుదిరాక, కేంద్రాల నుంచి పిల్లలు తెచ్చి పోస్తున్నాం. అది మంచిదే, ఎన్నో మత్స్యకార కుటుంబాలకు అన్నం పెడుతోంది. పరిగె, జెల్ల, మార్పు, కొర్రమీను మాత్రం ఎవరూ పోయకుండా పుట్టే మన నేల బిడ్డలు. వాటి నోటి దగ్గర కూడు లాక్కోవడానికి ఆఫ్రికా మార్పు చేపలు వచ్చాయి. కేంద్ర ప్రభుత్వం 2000లోనే వాటి పెంపకాన్ని నిషేధించినా గుంటల్లో పెంచుతూనే ఉన్నారు. వరదకు గట్టు తెగితే అవి వాగులోకి దూరతాయి. తరవాత పరిగె ఎక్కడ?

చెరువు హక్కు మత్స్య సహకార సంఘానిది. వాళ్ల వలకు గాలం అడ్డు కాదు, కాకూడదు. సంఘం పెద్దలకు నాదొక విన్నపం. మత్తడి పక్కనో తూము ఎగువనో ఒక మూల గాలానికి వదలండి. రుసుము పెట్టండి, ఇస్తాం. ఒక్కొక్కరికి ఒక కర్ర, ఒక కొక్కెం, ముద్ద గాలం వద్దు అని గట్టిగా చెప్పండి. మీలో పెద్దవాళ్లకు తెలిసిన బెండు భాషను ఎండాకాలం సెలవుల్లో పిల్లలకు చెప్పించండి. అలా ఒడ్డున కూర్చున్న పిల్లాడే రేపు కరెంటు తీగలతో వచ్చినవాణ్ణి చూసి ఊళ్లోకి పరుగెత్తి కేక వేస్తాడు. ఒడ్డున మనిషి లేని నీళ్లకు కాపలా ఉండదు.

ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకు ఇంకో మాట. ఉగాది రోజున పచ్చడి తిన్నాక పిల్లల్ని చేను గట్టుకు తీసుకెళ్లి ఒక జొన్న దంటు విరవండి. బెండు తీసి, సీసం కట్టి, వడ్లగింజ లెక్క కుదిరేదాకా వాళ్లనే గీరుకోనివ్వండి. మొదటి రోజు ఏమీ పడదు. రెండో రోజు ఎండ్రకాయ పడుతుంది. మూడో రోజు పిల్లాడు మీకన్నా ముందు లేచి చిప్ప పట్టుకుని నిలబడతాడు. ఎర్రలు ఎక్కడ తవ్వాలో మాత్రం మీరే వెతుక్కోండి. నా చోటు తాత నాకొక్కడికే చెప్పాడు.