చల్దియు దధ్యోదనమును

ప్రియమైన నవలలయందలి భోజనఘట్టములను జదివి, ఆ వంటకములనే వండుకొని యారగించు వేడుక నేడు పెక్కు దేశములయందు గలదు. తెలుగునాట నట్టి వేడుకకు నవలలకంటె ప్రాచీనకావ్యములే పెద్ద వంటయిల్లు. క్రీడాభిరామమున నోరుగంటి పూటకూలియింట రూకకు లభించు భోజనము, ఆముక్తమాల్యదయందు విష్ణుచిత్తుడు ఋతువునకు దగినట్లు వడ్డించు విందు ఎల్లరెఱిగినవే. పాలమూరుసీమవాడగు సురవరము ప్రతాపరెడ్డి 1949లో వెలువడిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’యం దిట్టి కావ్యములను జనజీవనమునకు సాక్ష్యములుగా గైకొనెను. అయినను సాక్ష్యమగుట వేఱు, వంటకు విధానమగుట వేఱు.

పోతన భాగవత దశమస్కంధమందలి చల్దిఘట్టము దీనికి మంచి పరీక్ష. కృష్ణుడు మీగడపెరుగు కలిపిన చల్దిముద్దను ఎడమచేత బట్టి, వ్రేళ్లసందుల నూరగాయ లిఱికించుకొని, గోపబాలుర నడుమ గూర్చుండును. సంస్కృతమూలమున నచ్చట నున్నవి నున్నని కబళము, ఫలములు. ఆ ఫలములు తెలుగుకవి చేతిలో నూరగాయలైనవి. అవియు కొసరి తెచ్చుకొన్నవి! కొసరులోని పసితనమును ఏ వంటవాడు వండగలడు?

దీనిని వండబూనువారు సాధారణముగా అప్పుడు వండిన యన్నమున పెరుగు, మీగడ కలిపి, ప్రక్కన మామిడికాయ ముక్క నుంతురు. అది చూపునకు చల్ది, నిజమునకు దధ్యోదనము. చల్ది యనగా రాత్రి గడచిన యన్నము. వేకువనే పసుల వెంట బోవువానికి పొయ్యి రాజేయు తీఱిక లేమి బుట్టిన తిండి యది.

యాదగిరిగుట్టవంటి నరసింహక్షేత్రమున నీ భేదము సులభముగా దెలియును. భక్తులు పులిహోరయు లడ్డును ప్రసాదముగా గైకొని కొండ దిగుదురు. స్వామికి నివేదింపదగినది అప్పటి పాకమే. రాత్రి గడచినది పర్యుషితమై సన్నిధికి రాదు. గర్భాలయమునకు దగని యా యన్నమునే విష్ణువు యమునాతటమున పసులకాపరుల పంక్తిని గుడుచుచున్నాడు. కవి యచ్చటనే యతడు యజ్ఞములందలి హవిస్సుల నందుకొనువాడని తలపించి, దేవతలు వెఱగుపడి చూచిరనెను. పద్యమునకు ప్రాణ మీ వైరుధ్యమే. అన్నము క్రొత్తదైనచో దేవతలు వెఱగుపడుటకు గారణము సగము పోయినట్లే.

విష్ణుచిత్తుని విందు వంటవానికి నింతకంటె ననుకూలము. వానకాలమున వరియన్నము, పప్పు, కూరలు, వడియములు, వరుగులు, పెరుగు, నేయి అని కవియే పేర్కొనినాడు; ఋతువు తప్పింపకున్న జాలును.

చల్దికి మాత్రము ముందునాటి రాత్రి వలయును. మఱియొకటి. నల్లగొండ, పాలమూరు మెట్టపల్లెలలో పూర్వము పసులకాపరి వెంట గొనిపోవునది పలుమాఱు వరియన్నము గాదు, జొన్నగటక. అందు మజ్జిగ పోసి, పొరుగింట గొసరిన యూరగాయతో చేనిగట్టున దినువాడు, సన్నబియ్యపు దధ్యోదనమును వెండిగిన్నెలో నుంచుకొన్నవానికంటె పోతనకు జేరువవాడు.