సీటు కోసం ఆట

"సార్, మా పిల్లకు ఏ ఆట నేర్పిస్తే సీటొస్తది?"

హైదరాబాద్ ఉస్మాన్‌గంజ్‌లో హోల్‌సేల్ కొట్టు నడిపే మిత్రుడు ఈమధ్య అడిగాడు. అడుగుతూనే బస్తాలోంచి గుప్పెడు ధనియాలు తీసి, అరచేతిలో నలిపి వాసన చూశాడు. "క్రికెట్‌ల గుంపెక్కువ. ఎవరూ ఆడనిది చెప్పండి, ఫెన్సింగో, రోయింగో." పోటీ లేని సరుకుకే ధర పలుకుతుందన్నది ఆయన లెక్క. పీఈటీగా పనిచేసిన నాకు ఈ ప్రశ్న కొత్త కాదు.

ఆ లెక్కలో నిజం లేకపోలేదు. అమెరికాలో 1972 నాటి టైటిల్ నైన్ చట్టం వల్ల కాలేజీలు ఆడపిల్లల ఆటలకూ సమంగా అవకాశం ఇవ్వాలి. అందుకే నిన్నమొన్నటి దాకా అక్కడి కాలేజీ క్రీడల పై అంచె అయిన డివిజన్ వన్ కాలేజీల్లో మహిళల రోయింగ్ జట్టుకు 20 స్కాలర్‌షిప్‌ల దాకా ఉండేవి. పురుషుల టెన్నిస్ జట్టుకు నాలుగున్నరే. జట్టంతా వాటినే పంచుకోవాల్సి వచ్చేది. అలాంటి కాలేజీ టెన్నిస్‌లోనే మన సాకేత్ మైనేని అలబామా విశ్వవిద్యాలయం తరఫున ఆడాడు. 2014 ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి స్వర్ణం గెలిచాడు. ఇక హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ కాలేజీలు ఆటకంటూ స్కాలర్‌షిప్ ఇవ్వనే ఇవ్వవు.

ఇక్కడ దారి మరీ ఇరుకు. తెలంగాణ ఇంజినీరింగ్ ప్రవేశాల్లో క్రీడాకోటా 0.5 శాతం, అంటే 200 సీట్లకు ఒకటి. ఐఐటీ మద్రాస్ 2024లో ఒక్కో కోర్సుకు రెండేసి అదనపు సీట్లు క్రీడాకారులకు పెట్టింది, అందులో ఒకటి ఆడపిల్లలకే. కానీ జాతీయ పతకం ఉన్నా జేఈఈ అడ్వాన్స్‌డ్ గట్టెక్కాల్సిందే. ఆట వస్తే చదువు తప్పుతుందనుకోవడం భ్రమ.

ఉస్మాన్‌గంజ్ నుంచి ఎల్బీ స్టేడియం ఎంతో దూరం లేదు. పుల్లెల గోపీచంద్ ఆటలో ఓనమాలు దిద్దింది అక్కడే. క్రికెట్ మోజులో ఉన్న ఆ పిల్లాణ్ణి బ్యాడ్మింటన్ వైపు తిప్పింది అన్నయ్య. తర్వాత అన్నయ్య ఐఐటీకి వెళ్లి ఆట వదిలేశాడు. ఇంజినీరింగ్ ఎంట్రన్స్ తప్పిన తమ్ముడు ఆటలోనే ఉండిపోయి 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. ఈ సంగతి గోపీచందే నవ్వుతూ చెప్పుకుంటాడు.

సీటు కోసమే ఆటలో చేరిన పిల్లలు చాలామంది తొమ్మిదో తరగతి దాటేసరికి గ్రౌండుకు రావడం మానేయడం చూశాను. కష్టం ఎక్కువ, ఫలం దూరం. ఇష్టం లేనిదే అన్నేళ్లు నిలవలేరు.

అందుకే తల్లిదండ్రులకు చెప్పేది ఇదే. ముందు పిల్లల చేత రెండు మూడు ఆటలు ఆడించండి. లేపకుండానే తెల్లవారుజామున లేచి వెళ్లే ఆట ఏదో గమనించండి. దానికి దగ్గర్లో మంచి కోచ్ ఉన్నారా, ఆ ఆట కోటా జాబితాలో ఉందా, ఏ స్థాయి టోర్నీ సర్టిఫికెట్ చెల్లుతుందో ఆ ఏటి నిబంధనల్లో మీరే చదవండి. సర్టిఫికెట్లు జాగ్రత్త చేయండి. సీటు వస్తే సంతోషం. రాకపోయినా ఆడిన ఏళ్లు దండగ అనిపించని ఆటే మీ పిల్లకు సరైన ఆట.