టీకాకు ముందరి లెక్క

వేములవాడలో 6, 10, 14 వారాల పసిబిడ్డ నోట్లో పడే రోటావైరస్ చుక్కల వెనక ఎవరూ తలచుకోని పని ఒకటుంది. టీకా రాకముందే దేశంలో ఏయే వైరస్ రకాలు తిరుగుతున్నాయో లెక్కరాసి పెట్టడం అది. 2005లో భారత వైద్య పరిశోధన మండలి జాతీయ నిఘా వ్యవస్థను మొదలుపెట్టాక, నీళ్ల విరేచనాలతో ఆసుపత్రుల్లో చేరిన అయిదేళ్లలోపు పిల్లల మలం నమూనాలను ఒకే పద్ధతిలో సేకరించారు. ముక్కు మూసుకోవాల్సిన పనే. నమూనాలో వైరస్ ఉందని తేలితే ఆర్‌ఎన్‌ఏను విడదీసి, పై పొరలోని రెండు ప్రోటీన్ల జన్యువులకు లెక్కలేనన్ని నకళ్లు తీసి, వాటిని జెల్ మీద కదిలిస్తారు. ఏ చార ఎక్కడ ఆగిందో చూసి జీ1పీ8, జీ2పీ4 అని పేరు పెడతారు. నూలు పట్టి చూసి కౌంటు చెప్పే సిరిసిల్ల నేత కార్మికుడి నేర్పు లాంటిదే ఇది. కొన్ని చారలు ఏ రకానికీ ఒదగవు. అప్పుడు ఊహతో పూరించకుండా ‘తేలలేదు’ అని రాసిపెట్టడం నాకు మరీ నచ్చుతుంది.

రకం ఏదైతేనేం, బిడ్డకిచ్చేది ఓఆర్‌ఎస్, జింకే కదా అనవచ్చు. నిజమే, ఈ లెక్క ఆ బిడ్డకు అక్కరకు రాదు, తర్వాత పుట్టేవాళ్లకు వస్తుంది. హైదరాబాద్ సంస్థ తయారుచేసిన రోటావాక్ టీకాలో ఉన్నది ఒకే రకం, జీ9పీ11. అది మిగతావాటినీ అడ్డుకుంటుందా అని అడగాలంటే ముందు ఆ మిగతావి ఏవో తెలియాలి. పైగా ఈ వైరస్ రకాలు టీకా ఉన్నా లేకున్నా మారుతూనే ఉంటాయి. 2016లో ఆంధ్రప్రదేశ్ సహా 4 రాష్ట్రాల్లో టీకా మొదలైన తర్వాతి ఏళ్లలో జీ3పీ8 పైకొచ్చింది. అది టీకా ఒత్తిడి వల్లనా, వైరస్ సహజ స్వభావమా అని వాదించుకోవడానికైనా పాత పట్టిక చేతిలో ఉండాలి.