అగ్గిపెట్టెంత కాపలా

మిర్యాలగూడ మిల్లుల బియ్యం మోసే లారీలకు జీపీఎస్ బిగించే ఆటో ఎలక్ట్రీషియన్ పనితనం చూసి తీరాలి. డబ్బా అగ్గిపెట్టెంతే ఉంటుంది, దాన్ని దాచడమే అసలు విద్య. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల సంకేతం నేలకు చేరేసరికి చాలా బలహీనపడుతుంది. ఇనుప రేకు అడ్డొస్తే అందదు, ప్లాస్టిక్ అయితే ఫర్వాలేదు. అందుకే డాష్‌బోర్డు లోపల, యాంటెనా ఆకాశం వైపుండేలా పెడతాడు. వైర్లను బండి వైర్ల కట్టలోనే కలిపి టేపు చుట్టేస్తాడు. ఏది కొత్తదో కనిపెట్టలేం. ఫ్యూజు మాత్రం మరవడు. దొంగ బండి బ్యాటరీ పీకేసినా, డబ్బాలోని చిన్న బ్యాటరీ కొంతసేపు జాడ చెబుతూనే ఉంటుంది. ఎదుటివాళ్ల బండిలో చాటుగా పెట్టమంటే ఒప్పుకోని మెకానిక్ అంటే నాకు మరీ గౌరవం. చివరికి అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు మీద లారీని కొంతదూరం నడిపించి, ఓనరు ఫోన్‌లో చుక్క కదిలాకే కూలి తీసుకుంటాడు.