రంగులు కలిపిన చేయి

దేశ విభజన తర్వాతి ఢిల్లీ. సబ్జీ మండీ దగ్గర తండ్రి దుకాణంలో రాత్రిళ్లు పడుకునే సంపూరణ్ సింగ్ కాల్రా అనే కుర్రాడికి లాంతరూ, పుస్తకాలే తోడు. అద్దె పుస్తకాల కొట్లో వారానికి నాలుగణాలు, ఎన్ని చదివినా అంతే. రోజుకో డిటెక్టివ్ నవల పూర్తి చేసుకొచ్చే పిల్లవాడితో విసిగి, కొట్టాయన ఓసారి టాగోర్ ‘గార్డెనర్’ ఉర్దూ అనువాదం చేతిలో పెట్టాడు. ఆ పుస్తకం మళ్లీ కొట్టుకు చేరలేదు. ఆ కుర్రాడిలో గుల్జార్ అనే కవి అక్కడ మొదలయ్యాడు.

తర్వాత బొంబాయి. మోటారు గ్యారేజీలో, దెబ్బతిన్న కార్ల పాత రంగుకు సరిపోయేలా కొత్త రంగు కలిపే పని. ఆయన పాటల పనితనం నాకు బోధపడింది ఈ సంగతి తెలిశాకే.

1963 నాటి ‘బందిని’ సినిమాలో ఎస్.డి. బర్మన్ బాణీకి రాసిన పాట చూడండి. రాత్రివేళ గడప దాటాలనుకునే పిల్ల, తన పచ్చని మేనిఛాయ ఇచ్చేసి నలుపు పుచ్చుకుంటానంటుంది. చీకట్లో కలిసిపోవచ్చు కదా! ఆ నలుపుకు ఆయన వేసిన మాట ‘శ్యామ’. రాత్రీ అదే, కృష్ణుడూ అదే. నాయిక తండ్రి వైష్ణవ పదాలు ఇష్టపడే మనిషి. అందుకే ఈ ఉర్దూ కవి ఉర్దూను పక్కనబెట్టి వ్రజభాష పలుకుబడి అందుకున్నాడు. ఎంత ఔచిత్యం!

‘ఖామోషీ’ (1969) పాటలో కళ్ల పరిమళాన్ని చూపుతో పట్టించాడు. పరిమళాన్ని చూడటమేమిటని హిందీ శ్రోత ఉలిక్కిపడవచ్చు. వాసన ‘చూసే’ మనకు అది సొంతింటి మాటలా ఉంటుంది.

నన్ను అన్నిటికంటే కట్టిపడేసింది మాత్రం 1988లో దూరదర్శన్ కోసం తీసిన ‘మీర్జా గాలిబ్’ సీరియల్ ఆరంభం. దాశరథి ‘గాలిబ్ గీతాల’తో గాలిబ్‌ను ఎరిగిన తెలుగువారు అది తప్పక వినాలి. పాత ఢిల్లీ బల్లీమారాన్ సందుల్లోంచి గుల్జార్ గొంతు మనల్ని నడిపిస్తుంది. గాలిబ్‌కు ఒక్క విశేషణమూ తొందరపడి తొడగడు. వీధిలోని మామూలు చూపులూ చప్పుళ్లూ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. చిట్టచివర, గాలిబ్ ఇల్లు చేరాక, పేరు చెబుతాడు.

గలీ కాసిం జాన్‌లోని ఆ ఇంట్లో ఇప్పుడు గాలిబ్ అర్ధవిగ్రహం ఉంది. చేయించి ఇచ్చింది గుల్జారే.