వినేవాడి చదువు: ఐసోక్రటీస్ ‘ఆంటిడోసిస్’పై ఒక పరిశీలన

ప్రాచీన గ్రీకుల పౌరవిద్య గురించి రాసేవారెవరూ ఐసోక్రటీస్ (క్రీ.పూ. 436–338) దగ్గర ఆగకుండా ముందుకు సాగరు. ప్లేటో తత్త్వవేత్తలను కోరుకున్నాడనీ, ఐసోక్రటీస్ మాట ద్వారా పౌరులను తీర్చిదిద్దాడనీ చెప్పడం ఆనవాయితీ. విద్యాచరిత్రకారుడు ఆన్రీ మారూ అయితే గ్రీకుల అసలు గురువు ప్లేటో కాదు, ఐసోక్రటీసేనని తేల్చాడు. ఈ వాదానికి ముఖ్యమైన ఆధారం ‘ఆంటిడోసిస్’ అనే ప్రసంగం. దాన్ని వక్త వైపు నుంచి కాక శ్రోత వైపు నుంచి చదివితే ఆ కీర్తి అంత నిలకడగా కనిపించదు.

ఏథెన్స్‌లో యుద్ధనౌక నిర్వహణ ఖర్చు సంపన్నుల మీద పడేది. ఆ భారం పడినవాడు తనకంటే ధనికుడని తోచిన మరొకణ్ణి, ‘నువ్వు మొయ్యి, లేదా నాతో ఆస్తి మార్చుకో’ అని సవాలు చేయవచ్చు. ఆ వ్యవహారం పేరే ఆంటిడోసిస్. అలాంటి వ్యాజ్యంలో ఓడిపోయిన ఐసోక్రటీస్, తన 82వ ఏట, యువకులను చెడగొడుతున్నానన్న అభియోగాన్ని తన మీద తానే కల్పించుకుని, దానికి సమాధానం రాశాడు. సోక్రటీస్ విచారణ నీడ ఇందులో స్పష్టంగానే ఉంది. అయితే ఈ ప్రసంగాన్ని ఏ న్యాయసభా వినలేదు. జనం ముందు నిలబడే గొంతూ ధైర్యమూ తనకు లేవని ఇతర రచనల్లో చెప్పుకున్న మనిషి చదువరుల కోసం రాసినది ఇది.

ఇందులో అందరూ ఉదాహరించేది వాక్కును కీర్తించే భాగం. మనిషిని జంతువు నుంచి వేరు చేసింది మాటేననీ, నగరాలు కట్టుకున్నా, చట్టాలు చేసుకున్నా దాని వల్లనేననీ అంటాడు. అంతకంటే లోతైన మాట ఇంకొకటుంది: ఇతరులను ఒప్పించడానికి ఏ తర్కాలు వాడతామో, మనలో మనం ఆలోచించుకునేటప్పుడూ అవే వాడతాం. వక్తృత్వం ఒక అలంకారం కాదు, ఆలోచనకు మరో పేరు అన్నమాట. ప్లేటో ‘గోర్గియాస్’లో వక్తృత్వాన్ని వైద్యం ముందు వంటపనిలా తీసిపారేసినప్పుడు ఈ సంగతి పట్టించుకోలేదనే నా అభిప్రాయం.

కానీ ఈ కీర్తన ‘ఆంటిడోసిస్’ కోసం రాసింది కాదు. ఐసోక్రటీస్ తన పాత రచన నుంచే దాన్ని ఎత్తి ఇక్కడ పెట్టుకున్నాడు. ఆ పాత రచనలో ఈ మాటలు పలికేది సైప్రస్ దీవిలోని సలామిస్ రాజు నికోక్లీస్. వినేది అతని ప్రజలు. రాచరికమే మేలైన పాలన అనీ, ప్రజలు విధేయంగా ఉండాలనీ చెప్పడం ఆ ప్రసంగం పని. పౌరవిద్యకు పతాకగా మనం ఎగరేస్తున్న వాక్యాలు మొదట వినిపించింది జవాబు చెప్పే హక్కు లేని శ్రోతలకు! ఆ మాటలు ఏథెన్స్ న్యాయసభ ముందుకు వచ్చినప్పుడు వాటిలో ఏమీ మారనవసరం లేకపోయింది. ఇబ్బంది అక్కడే ఉంది.

ఆయన బడి సంగతీ అంతే. రుసుము వెయ్యి ద్రాక్మాలని ప్రాచీన జీవితచరిత్రలు చెబుతాయి. న్యాయసభలో కూర్చున్న పౌరుడికి రోజుకు అర ద్రాక్మా ముట్టేది. అంటే రెండు వేల రోజుల భత్యం. ట్రాయ్ గుర్రంలోంచి వచ్చినట్టు ఆ బడిలోంచి నాయకులే వచ్చారని సిసెరో మెచ్చుకున్నాడు. మెప్పే కావచ్చు, మరి ఆ నాయకుల మాట విని వోటు వేసేవాడికి చదువు ఎక్కడ?

ఈ ప్రశ్న ఎంత ప్రాణాంతకమో థూసిడిడీస్ చూపించాడు. క్రీ.పూ. 427లో తిరుగుబాటు చేసిన మిటిలీనీ నగరంలో వయసొచ్చిన మగవాళ్ళందరినీ చంపాలని, స్త్రీలనూ పిల్లలనూ బానిసలు చేయాలని ఏథెన్స్ సభ తీర్మానించింది. మర్నాడు మనసు మార్చుకుని మళ్ళీ కూడింది. క్లియోన్ లేచి, మీరు ప్రసంగాలను నాటకం చూసినట్టు చూస్తారని జనాన్ని దులిపేశాడు. నిజమే చెప్పాడు, చెప్పింది మాత్రం ఆ హత్యాకాండ ఆగకుండా ఉండడానికి. వక్తృత్వాన్ని తిట్టడమే అతని వక్తృత్వం. డియోడొటస్ స్వల్ప ఆధిక్యంతో నెగ్గాడు. రెండో ఓడ సరిగ్గా సమయానికి చేరింది. ఆ సభలో ఓటు వేసినవారికి క్లియోన్ ఎత్తుగడను గుర్తుపట్టడం ఏ గురువూ నేర్పలేదు.

ఇక్కడ ప్రొటాగొరస్ గుర్తొస్తాడు. ప్లేటో సంభాషణలో అతను చెప్పిన కథ ప్రకారం, సిగ్గునూ న్యాయబుద్ధినీ వైద్యంలా కొందరికే కాక అందరికీ పంచమని జ్యూస్ ఆజ్ఞాపించాడు. వాటిని పెంచేదీ అందరే: దాది, తల్లి, తండ్రి, చట్టం. గ్రీకు భాష నేర్పే గురువెవరని వెతికితే ఒక్కడూ దొరకనట్టే పౌరధర్మానికీ ప్రత్యేక గురువు దొరకడంటాడు. (ఆదివారం తెలుగు బడులు నడుపుకుంటున్న ప్రవాసులకు ఈ పోలిక బలమూ, బలహీనతా రెండూ తెలుసు. వీధిలో వినిపించని భాషకు గురువు కావాల్సిందే.) అయినా వినేవాణ్ణి పౌరవిద్యలోకి తెచ్చిన తొలి ఆలోచన ఇదే అనిపిస్తుంది.

అరిస్టాటిల్ దీన్ని శాస్త్రంలోకి తెచ్చాడు. ‘రెటోరిక్’లో ప్రసంగాలను మూడు రకాలుగా విభజిస్తూ, ఆ విభజనకు శ్రోతనే ఆధారం చేసుకున్నాడు: జరగబోయేదాన్ని నిర్ణయించేవాడు, జరిగినదాన్ని నిర్ణయించేవాడు, కేవలం చూసేవాడు. క్లియోన్ తిట్టుగా వాడిన ప్రేక్షకుడు ఇక్కడ ఒక వర్గంగా స్థిరపడ్డాడు. ‘పాలిటిక్స్’లో తలా ఒక వంటకం తెచ్చుకున్న విందు ఒకడు పెట్టిన విందును మించవచ్చునని జనసమూహపు తీర్పును సమర్థించిందీ ఆయనే. అయినా ఆ శ్రోతకు ఏం నేర్పాలో చెప్పే పాఠ్యక్రమాన్ని ఆయనా రాయలేదు.

‘ఆంటిడోసిస్’ చివర్లో ఐసోక్రటీస్ తన ఊహాసభ వైపు తిరిగి, ఎవరికి తోచినట్టు వారు ఓటు వేయమంటాడు. ప్రసంగం అక్కడే ఆగిపోతుంది.