పోచంపాడు అడుగు పట్టే చప్పుడు

1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్‌ను మనవాళ్లు ఇప్పటికీ పోచంపాడు అనే అంటారు. మొదటి లెక్కలో దాని సామర్థ్యం 112 టీఎంసీలు. 1994 సర్వేలో 90కి, ఆ తర్వాతి సర్వేలో 80 చిల్లరకు దిగింది. తగ్గిన చోటంతా గోదావరి తెచ్చి పోసిన ఒండ్రే. కాకతీయ కాలువ మీద కరీంనగర్‌కు, సరస్వతి కాలువ మీద ఆదిలాబాద్ వైపుకు ఎన్ని నీళ్లు వదలవచ్చో ఈ లెక్కే చెప్పాలి. జలాశయం నిండితే నీరు పరుచుకునేది సుమారు 450 చదరపు కిలోమీటర్లు. లోతు కొలతలో అంతటా బెత్తెడు తప్పు పడిందా, లెక్క ఒకటిన్నర టీఎంసీలు అటూఇటూ అవుతుంది.

ఇలాంటి అడుగును నేడు ధ్వనితో కొలుస్తారు. పడవ అంచున నీళ్లలో మునిగి ఉండే ట్రాన్స్‌డ్యూసర్ చప్పుడు పంపి, అడుగును తాకి వచ్చే ప్రతిధ్వనిని వింటుంది. నీటిలో ధ్వని వేగం సెకనుకు దాదాపు 1500 మీటర్లు. 20 మీటర్ల లోతుకు పోయి రావడానికి 27 మిల్లీసెకన్లు చాలు.

ప్రతిధ్వని సరిగ్గా ఏ క్షణాన మొదలైందో పట్టడమే అసలు పని. పొట్టి చప్పుడైతే కొలత పదునుగా ఉంటుంది గానీ బలం చాలదు. పొడుగు చప్పుడుకు బలముంటుంది, అంచు మసకబారుతుంది. అందుకే పంపేటప్పుడే స్వరాన్ని కింది నుంచి పైకి జార్చుతారు. దీన్ని చిర్ప్ అంటారు. తిరిగొచ్చిన గందరగోళంలో ఆ జారుడు వరసనే కంప్యూటర్ వెతుకుతుంది, మందలో తన ఆవు గంటను కాపరి పోల్చుకున్నట్టు. వరస కలిసిన చోట పొడుగు చప్పుడంతా ఒక్క సన్నని శిఖరంగా ముడుచుకుంటుంది. బలమూ పదునూ రెండూ దక్కుతాయి.

చేపను చూసి అడుగనుకోకుండా మరో ఏర్పాటుంది. కిందటి లోతుకు దగ్గరలో వచ్చిన ప్రతిధ్వనినే నమ్ముతారు. ఈ కిటికీని మరీ ఇరుకు చేస్తే మునిగిన పాత నది గట్టు దగ్గర అడుగే చేజారిపోతుంది. ఎంత తెరవాలన్నది అనుభవం చెప్పాల్సిందే.

నీటి వేడినీ వదలకూడదు. 25 డిగ్రీల నుంచి 30కి పెరిగితే 20 మీటర్ల దగ్గర 16 సెంటీమీటర్ల తేడా వస్తుంది. అందుకే ఇనుప పలకను తెలిసిన లోతుకు దించి, యంత్రం చెప్పే అంకెను దానితో సరిచూస్తారు. ఇంత గణితం తర్వాత కూడా చివరి మాట గొలుసుకు కట్టిన పలకదే కావడం నాకు ముచ్చటేస్తుంది.

ఇక మెత్తటి ఒండ్రు. 200 కిలోహెర్ట్జ్ ధ్వని దాని పైపొర నుంచే వెనుదిరుగుతుంది; 33 కిలోహెర్ట్జ్ ధ్వని కొంత లోపలికి దిగుతుంది. తెర మీద రెండు గీతలు పడతాయి. నీటి లెక్కకు పై గీత, పూడిక తీసే మాట వస్తే రెండింటి మధ్య మందం.